పెరుగన్నం తిన్న పిల్లి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లి కూడా ఏకాదశి ఉపవాసం చేసేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఆ రోజు మా అవ్వ దానికి పెరుగన్నం పెట్టేది కాదు. తనకు కాచుకున్న పాలల్లోనే కాసిన్ని గిన్నెలో పోసి, నాకేదో దానికీ అదే అని వచ్చిపోయేవాళ్ళకు చెప్పుకునేది. వచ్చినవాళ్ళు పిల్లి భక్తిని మెచ్చుకుని పోయేవాళ్ళు. నీకు ఆకలిగా ఉందా అని దాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిన్న పక్కింటి అమ్మాయి వచ్చి నా కోపం రేపి పోయింది. మేముండేది కర్నూలు పక్కన కల్లూరులో. అన్నీ కొత్త ఇళ్ళు, ఇంటికో కుక్కో పిల్లో. వాటికి ఏమైనా అయితే ముందు ఫోనులో చూస్తారు, తర్వాత నన్ను అడుగుతారు, చిట్టచివరికి పశువుల డాక్టరు దగ్గరికి పోతారు. ఈ వరస తలకిందులుగా ఉందని ఎన్నిసార్లు మొత్తుకున్నా నా మాట వినేవాళ్ళు లేరు. ఆ అమ్మాయి పెంచుకునే గండుపిల్లి రెండు రోజులుగా కొత్త సోఫా మీద ఒంటికి పోతోందట. "మేము మూడు దినాలు ఊరికి పోయొచ్చినాం గదా పెద్దమ్మా, మా మీద కోపం దానికి. పగ పట్టింది" అంది.

నాకు ఒళ్ళు మండింది. పగ సంగతి పక్కన పెట్టు, ఎన్నిసార్లు కూర్చుంటోంది, ఎంత వస్తోంది, అది చెప్పమన్నాను. గుచ్చి గుచ్చి అడిగితే, పొద్దుటి నుంచి పదే పదే కూర్చుని లేస్తోందనీ, అరుస్తోందనీ, చుక్క కూడా సరిగా రావడం లేదనీ బయటికొచ్చింది. గండుపిల్లికి మూత్రం బిగిసిందంటే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అప్పటికప్పుడు ఆటో పిలిచి డాక్టరు దగ్గరికి పంపించాను. బతికి బయటపడింది. ఆ అమ్మాయి రాత్రి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టినంత పని చేసింది గానీ, నా చిరాకు మాత్రం తగ్గలేదు. నోరు లేని జీవి నొప్పి అంటుంటే మనకు పగ అని వినపడుతుంది. అరవై ఏళ్ళ కిందట మా ఇంట్లోనూ అంతే వినపడింది. అందులో నా పాలు కూడా ఉంది కాబట్టి నాకింత మంట.

మాది బనగానపల్లె బజారు వీధిలో కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక అద్దెకిచ్చే రెండు గదులు. శనగలు, వేరుశనగ విత్తనాలు మూటలు మూటలు ఉండేవి కాబట్టి ఎలుకలకు కరువు లేదు. వాటి బాధ పడలేక మా నాయన ఒక ఆడపిల్లి పిల్లను తెచ్చాడు. బూడిద రంగుది, చారలది. అది పెరిగి, మొదటి ఎలుకను పట్టి, ఇంటివాళ్ళు మెచ్చుకుంటారని కాబోలు, తీసుకొచ్చి సరిగ్గా దేవుని గది గడప ముందర పెట్టింది. మా అవ్వ ఇల్లంతా కడిగించింది. మూడుసార్లు స్నానం చేసింది. ఆ రోజు నుంచి పిల్లి అంగడి ముఖం చూడకూడదని తీర్మానం అయిపోయింది.

ఇంటి నడుమ వాకిలి మీద కోతులు దిగకుండా ఇనుప జాలీ వేయించి ఉంది. ఆ జాలీ కిందే దాని కాపురం. పొద్దున పెరుగన్నం, సాయంత్రం పాలన్నం. ఎలుకల కోసం మా నాయన బోన్లు కొని అంగట్లో పెట్టాడు. ఎలుకల కోసం తెచ్చిన పిల్లిని లోపల దాచి, ఎలుకల్ని అంగట్లో వదిలేసి, మా పిల్లి నీసు ముట్టదు అని ఊరంతా చెప్పుకున్నాం. నేనైతే బడిలో కూడా గొప్పలు పోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తి మీద నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

ఏడాది దాటి మరికొన్ని నెలలు గడిచాక దాని బుద్ధి మారిందన్నారు. పిలిస్తే పలకదు. బొచ్చు గరుకుగా, దుమ్ము పట్టినట్టు తయారైంది. మూలల్లో ఒంటికి పోతుంది. బిందెలకు కొట్టుకుంటుంది. ఒకరోజు నేను వెనక నుంచి వెళ్ళి చటుక్కున ఎత్తుకుంటే చెయ్యి చీరేసింది. అమ్మ పసుపు అద్దుతూ దానికి పొగరెక్కిందంది. నాయన సోమరి అన్నాడు. అవ్వ దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పింది. ఆ ఘాటుకు ఇంట్లో అందరం దగ్గాం, పిల్లి కూడా దగ్గింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

కార్తీక సోమవారం సాయంత్రం మసక వేళ, అవ్వ వాకిట్లో దీపాల పళ్ళెం పెట్టింది. పిల్లి నడుచుకుంటూ వచ్చి నేరుగా ఆ పళ్ళెంలోకి అడుగు పెట్టింది. దీపాలు దొర్లాయి, నూనె చిమ్మింది, నా పావడ అంచు కాలింది. నాకేమీ కాలేదు గానీ అవ్వ భయపడిపోయింది, ఆ భయమంతా కోపమైంది. శుక్రవారం అంగడికి సరుకు తెచ్చే లారీలో దాన్ని పంపేయమంది. గోనెసంచిలో వేసి, దారి గుర్తుండకుండా సంచిని మూడుసార్లు గిరగిరా తిప్పి, ఆళ్ళగడ్డ దాటాక వదిలేయాలి. మా బజారులో పిల్లుల్ని వదిలించుకునే పద్ధతి అదే. నేను ఏడ్చాను. అయినా, తప్పు పిల్లిదేనని నేను కూడా నమ్మాను.

వెనక గదుల్లో పశువుల ఆస్పత్రి కాంపౌండర్ ఉండేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని. భార్యాపిల్లలు సొంతూర్లో ఉంటే ఈయన ఒక్కడే ఇక్కడ. మా ఇంట్లో అద్దెకుండాలంటే ఒకటే షరతు, మాంసం వండకూడదు, గుడ్డు కూడా గడప దాటకూడదు. ఆయన ఒప్పుకుని బస్టాండు దగ్గర హోటల్లో తినొచ్చేవాడు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా మాట తప్పలేదు. అవ్వ కూడా ఆయనంటే నెమ్మదస్తుడని గౌరవంగా ఉండేది.

నా ఏడుపు విని మరునాడు వచ్చాడు. పిల్లికి పొగరనీ, పగబట్టిందనీ నేను చెప్పుకుపోతుంటే చెయ్యెత్తి ఆపాడు. "అది ఏమనుకుంటాందో నీకెట్ల తెలుస్తాది పాపా? నువ్వు కండ్లతో చూసింది చెప్పు, చాలు" అన్నాడు. దేవుని గదిలో నుంచి వత్తుల దూది కొంచెం తెమ్మన్నాడు. దాన్ని ఉండ చేసి, పిల్లి ముఖం ముందు పైనుంచి జారవిడిచాడు. దూది చప్పుడు లేకుండా కింద పడింది. పిల్లి తల కదల్లేదు. మళ్ళీ వేశాడు, మళ్ళీ కదల్లేదు. తర్వాత జేబులో నుంచి ఒక చింతగింజ తీసి వేశాడు. బండ మీద టక్కుమనగానే పిల్లి రెండు చెవులూ తిరిగాయి.

నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "పొగరు గాదు. దానికి కండ్లు పోతాండాయి. నువ్వొచ్చేది అగపడక బెదిరి గీరింది." దాని ఒళ్ళు మాంసం కోసం పుట్టిందనీ, పెరుగన్నంతో కడుపు నిండుతుంది గానీ కళ్ళు నిలవవనీ, రేచీకటి పట్టిన పిల్లలకు కార్జం పెట్టమన్నట్టే దీనికీ పెట్టాలనీ అన్నాడు. పిల్లికి మాంసంలో దొరికేది అన్నంలో దొరకదనీ, అది లేకపోతే కళ్ళూ గుండే దెబ్బతింటాయనీ ఇప్పటి డాక్టర్లు వివరంగా చెబుతున్నారు. ఆయన అంత చదివినవాడు కాదు. చూసి చూసి తెలుసుకున్నాడు.

అవ్వతో ఏం చెప్పాలి? నెల రోజులు ఉండనివ్వమ్మా, మందు ఇస్తాను, నయం కాకపోతే మీ ఇష్టం అన్నాడు. మందు అనేసరికి అవ్వ మెత్తబడింది. ఆయన మేక కార్జం కొని, ఆస్పత్రిలో సూదులు మరగబెట్టే స్టవ్వు మీద ఉడకబెట్టి, మధ్యాహ్నం చిన్న డబ్బాలో తెచ్చేవాడు. అన్నంలో మెత్తగా మెదిపి గిన్నె నా చేతికిచ్చేవాడు. అవ్వ కునుకు తీసే వేళకు నేను మోసుకుపోయి పెట్టేదాన్ని. అందులో ఏముందో నాకు బాగా తెలుసు. ఆయన మెదుపుతుంటే ముక్కు మూసుకుని పక్కనే కూర్చునేదాన్ని.

రెండు వారాలకు బొచ్చు మెరుపు తేలింది. మూలల్లో పోయడం తగ్గింది. మూడో వారంలో దూది ఉండ వేస్తే, కుడి పక్క వేసినప్పుడు తల తిప్పింది. ఎడమ పక్క వేస్తే లేదు. పోయింది పూర్తిగా రాదు పాపా, ఉన్నది నిలబడితే అదే పదివేలు అన్నాడాయన. నేను మాత్రం ఎగిరి గంతేశాను. అవ్వ ఆ మందును అంగడికొచ్చిన వాళ్ళకల్లా పొగడడం మొదలుపెట్టింది. మా కాంపౌండరు చెయ్యి మంచిదని చెప్పుకుంది.

ఆ సంతోషమే కొంప ముంచింది. ఒక మధ్యాహ్నం అవ్వ నిద్రపోకుండా లేచొచ్చింది. పాపం మూగజీవి, దాన్ని తిట్టుకున్నాను, ఈ పూట మందు నా చేత్తో పెడతాను అంటూ నా చేతిలో గిన్నె తీసుకుని వేళ్ళతో కలిపింది. కలుపుతూనే ఆగిపోయింది. వేళ్ళు ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఆమె ముఖం అట్లా మారిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

కాంపౌండర్ మామ వెనక వాకిట్లోనే ఉన్నాడు. అవ్వ చెయ్యి దూరంగా పెట్టుకుని అడిగింది. "ఏమప్పా, మందని చెప్పి మా ఇంట్లోకి నీసు తెస్తివా?"

"ఈడ వండలేదమ్మా. ఆస్పత్రిలో ఉడకబెట్టినా."

"వండొద్దంటే తేవచ్చనా? నిన్ను నమ్మితి గదప్పా!"

ఆయన తల దించుకుని, అది మందేనమ్మా, దాని కండ్లకు అదే మందు అన్నాడు. అవ్వ ఆ మాట వినే స్థితిలో లేదు. గిర్రున నా వైపు తిరిగింది. నీకు తెలుసా ఇది అంది. నాకు పదేళ్ళు. నీసు అంటిన అవ్వ చెయ్యి, కడిగే నీళ్ళ కోసం, గాల్లో అట్లాగే ఉంది. నా నోట్లో నుంచి మాట దానంతటదే వచ్చింది. "నాకు తెల్దవ్వా. మందనుకున్యా."

ఆయన నన్ను చూశాడు. ఒక్క క్షణమే. "పాపకేం తెల్దమ్మా. మందనే చెప్పి ఇచ్చినా" అన్నాడు.

రెండు రోజుల్లో ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఆ సంగతి బజారంతా పాకింది. మాట తప్పినవాడని ఊర్లో ఇంకెవరూ ఆయనకు ఇల్లు ఇవ్వలేదు. ఆస్పత్రి వరండాలో కొన్నాళ్ళు పడుకుని, చివరికి ఆత్మకూరుకు బదిలీ పెట్టుకున్నాడు. పోయే రోజు పిల్లిని అడిగి తీసుకున్నాడు. అవ్వ పీడా పోయిందంది. మామిడికాయల గంపలో గడ్డి పరిచి దాన్ని కూర్చోబెట్టాడు. గంప మూత వేసే ముందు నన్ను పిలిచి, జేబులో నుంచి దూది తీసి ఉండ చేసి నా చేతికిచ్చాడు. వేయమన్నాడు. వేశాను. పిల్లి తల తిప్పి పంజా చాచి దాన్ని పట్టుకుంది. చూసినావా, అంతే అని నా తల నిమిరి బస్సెక్కాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

ఆ తర్వాత ఆయన్ను చూడలేదు. అవ్వ పోయేదాకా ఇరవై ఏళ్ళు ఆమె పక్కనే ఉన్నాను. గిన్నెలో ఏముందో నాకు తెలుసు అవ్వా అని చెప్పడానికి ఎన్ని మధ్యాహ్నాలు దొరికాయో. ఒక్కనాడూ నోరు పెగల్లేదు. ఆ మాట ఆయనున్నప్పుడే అని ఉంటే ఆయనకు ఆ ఇల్లు నిలిచేదా అంటే, నిలిచేది కాదేమో. కనీసం నన్ను కాపాడే బరువైనా ఆయన మీద పడకుండా ఉండేది.

ఇప్పుడు నన్ను ఈ వీధిలో జంతువుల మీద జాలి గల మనిషి అంటారు. జాలీ లేదు, పాడూ లేదు. ఉన్నట్టుండి కరిచే కుక్కను చూస్తే దాని చెవిలో చీముందేమో చూడమంటాను. తిండి మానేసిన పిల్లిని చూస్తే పన్ను చూపించమంటాను. దానికి కోపం, దానికి పొగరు అని ఎవరైనా మొదలుపెడితే కసురుకుంటాను. చూసింది చెప్పండి అంటాను. ఆ మాట ఆయనది. దాన్ని పదిమందికీ చెబుతున్నాను గానీ, చూసింది చెప్పాల్సిన రోజున నేను చెప్పలేదు.

మా ఇంట్లో ఈ రోజుకీ నీసు వండం. కోడలు తెచ్చిన పిల్లికి మాత్రం దాని తిండి దాని గిన్నెలో పడుతుంది, నా చేత్తోనే పెడతాను, పెట్టి చేతులు కడుక్కుంటాను. సాయంత్రం వత్తులు చేసుకునేటప్పుడు చివర్న మిగిలిన దూదిని ఉండ చేసి దాని ముందు వేస్తాను. అది ఎగిరి పట్టుకుంటుంది. ఆ క్షణంలో రోజూ నాకు తెలియకుండానే పెదవులు కదులుతాయట. అవ్వా, నువ్వు దాంతో ఏం మాట్లాడుతున్నావని మనవరాలు అడుగుతుంది. పిల్లితో కాదమ్మా, మా అవ్వతో మాట్లాడుతున్నాను. గిన్నెలో ఏముందో నాకు తెలుసు అని చెబుతున్నాను.