పన్నెండు గంటల ప్రార్థన

మా పాస్టరమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నాలుగు రోజుల జ్వరం, ఆ తర్వాత ఆయాసం. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయిందట. "మా" అనే హక్కు నాకుందో లేదో తెలియదు. నేను క్రైస్తవుణ్ణి కాను, ఆమె జరిపే ఆదివారం ఆరాధనలో నేను ఒక్కసారీ కూర్చోలేదు. ఖాజాగూడ దగ్గర ఒక ఆఫీసు భవనం పునాది కోసం బండలు పేల్పించిన సైట్ ఇంజనీరుని నేను. ఆమె ఆ బండల కింద బతికేవాళ్ల మనిషి.

పాలమూరు నుంచి వచ్చిన కూలీల గుడిసెలు మా సైటు కంచెకు ఆనుకుని ఉండేవి. పని దొరికిన రోజు వాళ్లకు అన్నం, దొరకని రోజు పాస్టరమ్మ కాచిన జావ. దానికి పిండి ఎక్కణ్ణుంచి వస్తుందో ఆమెకూ తెలియదు. పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు పెట్టి మోకాళ్లూనేది. నీళ్లు మరిగేలోపు చాలాసార్లు ఎవరో ఒకరు తెచ్చేవాళ్లు. తేని రోజు నా దగ్గరికి వచ్చి, "దరఖాస్తు పైకి పంపిన సారూ, నకలు నీకు తెచ్చిన" అని నవ్వేది. నేను విసుక్కుంటూనే ఇచ్చేవాణ్ణి.

రోజూ పన్నెండింటికి మేం మందు పేల్చేవాళ్లం. ఎర్ర జెండా, మూడు ఈలలు, కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉండేవి. గుడిసెలవాళ్లను కాసేపు అవతలికి పంపడం మాత్రం ఎవరివల్లా కాలేదు. మేం పొమ్మంటే గుడిసెలు పీకేయడానికే అనుకునేవాళ్లు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పేం లేదు. అప్పుడు ఆమె సరిగ్గా పన్నెండింటికే ప్రార్థన పెట్టింది, అదీ దూరంగా చెరువు గట్టు మీద. మైసమ్మకు మొక్కేవాళ్లు కూడా వెళ్లి కూర్చునేవాళ్లు. దేవుడి పేరు చెప్పి జనాన్ని బాగానే తోలుతున్నావని ఆటపట్టించాను. "భయం చెప్తే రారు సారూ, ప్రార్థనంటే వస్తరు. రెండూ ఆయన పనే" అంది.

అందుకే ప్రతి పొద్దునా మా గేటు దగ్గర నిలబడి ఒకటే అడిగేది. "ఇయ్యాల ఎన్ని గంటలకు సారూ?" పన్నెండని చెప్పేవాణ్ణి. రోజూ అదే కదా, ఎందుకడుగుతావంటే ఊరుకునేది కాదు.

బండకు ఆనుకున్న చివరి గుడిసెలో ఒకమ్మాయి ప్రసవించింది. పురుడు కాకుండా గడప దాటనంది. పాస్టరమ్మ అందరినీ గట్టు మీదికి పంపి, తను మాత్రం బాలింత పక్కన కూర్చుని ప్రార్థన చేసేది, పేలుడు అయ్యేదాకా. నాకు ఒళ్లు మండింది. ప్రభువున్నాడని అంత ధైర్యమా అని అడిగాను.

"ధైర్యం యాడుంది సారూ. మిషిని ఆగంగనే కాళ్లు వణుకుతయి. భయమైతది కాబట్టే ఆయన్ని పట్టుకుంట."

బండకు రంధ్రాలు వేసే మిషన్ ఆగిందంటే లోపల మందు కూరుతున్నారని అర్థం. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం నాక్కూడా ఎప్పుడూ అలవాటు కాలేదు.

ఆ వారంలోనే బంద్ వచ్చింది. తెలంగాణ ఉద్యమం బాగా ముదిరిన రోజులు. రాయదుర్గం నుంచి కొండాపూర్ దాకా రోడ్డు బోసిగా ఉంది. నాది కడప జిల్లా. నోరు విప్పితే యాస పట్టేస్తారని రెండు రోజులుగా సైటు గది దాటలేదు. రోడ్డు ఖాళీయే కదా, ఇవాళ పదకొండుకే పేల్చేయమని పైవాళ్లు ఫోన్ చేశారు. సరేనన్నాను. కాసేపటికి తాళం వేసిన గేటు అవతల పాస్టరమ్మ గొంతు వినిపించింది. "సారూ, ఇయ్యాల ఎన్ని గంటలకు?" ఆమె వెనక ఎవరున్నారోనని నాకు భయం. పలకలేదు. ఆమె మూడుసార్లు పిలిచి వెళ్లిపోయింది.

ఈలలు ఊదే మనిషి బంద్ వల్ల రాలేదు. ఆ పని ఇంకెవరూ చేయలేదు, నేనూ చేయలేదు. పదకొండుకు పేలింది. ఒక రాయి కంచె దాటి చివరి గుడిసె రేకు చీల్చుకుని పడింది.

మిషన్ ఆగడం విని ఆమె అప్పటికే అందరినీ ప్రార్థనకని గట్టు మీదికి తోలేసిందట. తర్వాత బాలింత దగ్గరికి పోయి పసిబిడ్డ మీదికి వంగింది. రాయి ఆమె కుడి భుజం మీద పడింది. తల్లికీ బిడ్డకీ చిన్న గీత కూడా పడలేదు. ఆమె కుడి చేయి మాత్రం మళ్లీ పైకి లేవలేదు.

దవాఖానలో నన్ను చూసి ఏమీ అడగలేదు. కోలుకున్నాక మళ్లీ గేటు దగ్గరికి వచ్చింది, మళ్లీ అదే ప్రశ్న. ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తి ప్రార్థన చేసేది. ఆ రోజు నీ గొంతు విన్నానని మూడేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

మా భవనం లేచింది. గుడిసెలు కొంచెం అవతల మరో బండ కిందికి జరిగాయి. ఇప్పుడు దాన్ని వేరే కంపెనీ పేలుస్తోంది. మంగళవారం అక్కడికే వెళ్లాను. గుడిసెల మధ్య, ఆమె ప్రార్థనలు జరిపే రేకుల మందిరంలో శవపెట్టె ఉంది. ఆమె కుడి చేతిని గుండెల మీద ఉంచి, ఎడమ చేతిని దాని పైన పెట్టారు. అప్పటి బాలింత తన కూతుర్ని చంకనేసుకుని నా పక్కకు వచ్చింది.

"రోజూ నీ కోసం ప్రార్థన చేసేది సారూ. ఆ పొద్దు లోపల ఉండి గూడ పలకలే, ఎంత భయపడ్డడో పాపం అనేది."

అంటే ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

అప్పుడే కంచె అవతల మిషన్ ఆగింది. ఆ గేటు దగ్గరికి వెళ్లి ఎన్ని గంటలకని ఆ పొద్దున ఎవరూ అడగలేదు. ఎవరూ చెప్పకుండానే జనమంతా లేచారు. ముసలివాళ్లను పట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని చెరువు వైపు నడిచారు. ఆ తల్లి గుమ్మంలో ఆగి, నన్ను కూడా రమ్మని చేయి ఊపింది. నేను గడియారం చూశాను. పన్నెండు ఇంకా కాలేదు.

పెట్టె పక్కన కింద కూర్చున్నాను. ఈల ఇంకా వినబడలేదు.