కంచం మోగితే పడుకోవాలి

మా ఇంట్లో కంచం చప్పుడు చెయ్యనివ్వను నేను. చుట్టాలెవరైనా గరిటె పెట్టి కంచం మీద కొట్టేరంటే గబుక్కున వెళ్ళి చెయ్యి పట్టీసుకుంటాను. దీనికి పిచ్చేటి అనుకుంటారు. అనుకోనీ.

మాది చోడవరం శివారు. చెరుకు కోతల నెలల్లో నేను కూలికెళ్ళేదాన్ని. మా ఆయన విశాఖపట్నంలో సెంట్రింగు పని చేసుకుంటూ ఎప్పుడో వీలైనప్పుడు వచ్చీవోడు. ఆయన పంపింది ఇంటద్దెకీ కరెంటుకీ సరి. తిండి మాత్రం నా కూలి మీదే. అప్పుడు మా గుంటకి, అదే మా అమ్మాయికి, నాలుగో ఏడు నడుస్తంది.

మా వీధిలో ఒంటిగది అంగన్‌వాడీ ఉండేది. టీచరమ్మ తొమ్మిదింటికి వచ్చేది గాని, ఆయమ్మ మా వీధి మనిషే కాబట్టి తెల్లారేసరికే తలుపు తీసీసేది. కోతకెళ్ళే ట్రాక్టరు ఎండ రాకుండానే కదిలిపోద్ది మరి. అలా తియ్యాలని ఏ రూల్లోనూ లేదు, ఆవిడ మంచితనం. మధ్యాహ్నం పిల్లలు అన్నం, గుడ్డు తిన్నాక చాపలు పరిచి, తలుపు గడియ పెట్టి, ఖాళీ కంచం మీద గరిటెతో కొట్టేది. అంతే. ఎంత పోకిరీ గుంటలైనా ఎక్కడివాళ్ళక్కడ ఓ పక్కకి తిరిగి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుండిపోయేవోళ్ళు. పని లేని రోజు ఒకసారి కిటికీలోంచి చూసేను. గదినిండా పిల్లలు, అందరిదీ ఒకటే వాటం. అప్పుడు ముచ్చటేసింది నాకు.

తరవాత మా సెంటర్నీ ఇంకో సెంటర్నీ కలిపీసేరు. పిల్లలు తక్కువున్నారంట, అందర్నీ ఒక మంచి బిల్డింగులో పెడతారంట. బిల్డింగు బాగానే ఉంది, గోడల మీద బొమ్మలు, పైన ఫేన్లు. కాని అది లారీలు తిరిగే రోడ్డుకి అవతల. తొమ్మిదింటికి తీస్తారు. చీకటితో వెళ్ళిపోయే మనిషి తొమ్మిదింటికి తీసే తలుపుతో ఏటి చేసుకుంటాది? ఆయమ్మని వేరే ఊరు వేసీసేరు. రాలేని పిల్లలకి గుడ్లు, పాలు, పిండి పేకెట్లు ఇంటికే ఇస్తామన్నారు, ఇచ్చేరు కూడా. అబద్ధమాడితే కళ్ళు పోతాయి. పక్కింటావిడ గుంటని చూస్తానంది గాని నా కూలిలో సగం అడిగింది. ఆవిణ్ణీ అనలేం, ఆవిడకీ కడుపుంది.

ఇంక గుంటని నాతోపాటు చెరుకులోకే తీసుకుపోయేను. పెళ్ళికెళ్తూ పిల్లిని సంకనెట్టుకెళ్ళినట్టుందని మేస్త్రి వేళాకోళమాడేడు. నాకసలే కోపం ముక్కు మీదుంటాది, ఆయనకి గట్టిగానే అంటించేను. మాతో కోతకొచ్చే ఒక ముసలమ్మ కూడా మనవణ్ణి తెచ్చుకునేది. వాడూ ఆ సెంటర్లో పెరిగినోడే. గట్టు మీద తాటిచెట్టు నీడన ఇద్దర్నీ కూర్చోబెట్టి మేం కోతకి దిగీవోళ్ళం.

మొదటి రోజు ఎవరో కేరేజీ విప్పితే మూత జారి రాయి మీద పడి మోగింది. ఆడుకుంటన్న పిల్లలిద్దరూ ఆట ఆపీసి, ఆ మట్టిలోనే ఓ పక్కకి తిరిగి, అరచెయ్యి చెంప కింద పెట్టీసుకున్నారు. మేం పడీపడీ నవ్వేం. ఆయమ్మ ఇక్కడిదాకా వచ్చీసిందే అని ముసలమ్మ అంది. అందరితో పాటు నవ్వేనన్న మాటే గాని, గబుక్కున వెళ్ళి గుంటని మట్టిలోంచి లేవనెత్తీసేను.

ఆ తోట కోత అయిపోయిన రోజు. చెరుకంతా బళ్ళకెక్కించి గానుగకి పంపించేసేం. పొలంలో మోకాలు లోతు ఎండాకు మిగిలింది. మర్నాడు రైతుకి నీళ్ళ వంతు ఉంది, ఇవాళే తగలబెట్టీమన్నాడు. మాలో ఒక పద్ధతుంది. నిప్పు పెట్టేముందు అందరం చుట్టూ నిలబడి కంచాలూ డబ్బాలూ వాయిస్తాం. లోపల కుందేళ్ళుంటాయి, పాములుంటాయి, ఒక్కోసారి నక్కలుంటాయి. వాటి ఉసురు పోసుకోకూడదు కదా. చప్పుడు చేస్తే ప్రాణమున్నదల్లా బయటికొచ్చీస్తాది.

గట్టిగా వాయించేం. కుందేళ్ళు దూకేయి. ముంగిస ఒకటి నా కాళ్ళ మధ్యనుంచే పోయింది. ఇంకేటీ రాలేదు. మేస్త్రి కాగడా వెలిగించేడు. గుంటకి పొగ తగలకుండా అవతలికి తీసుకుపోదామని నేను తాటిచెట్టు వేపు చూసేను. ముసలమ్మ మనవడు పడుకుని ఉన్నాడు. ఓ పక్కకి తిరిగి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని. మా గుంట చోటు ఖాళీ.

నిప్పు ఆపమని నేను అరిచిన అరుపుకి మేస్త్రి కాగడాని మట్టిలోకి తొక్కీసేడు. గుంట కనపడటం లేదనగానే పాపం అందరూ కంగారుపడిపోయి, దాన్ని పిలవడానికి మళ్ళీ కంచాలు వాయించడం మొదలెట్టేరు. ఇంకా గట్టిగా. నేను పరిగెట్టి ఒక్కొక్కరి చేతిలోంచీ కంచాలు లాగీసేను. నాకు మతి పోయిందనుకున్నారు.

"కొట్టకండి. కొడితే అది లెగదు," అన్నాను.

ముసలమ్మకి ముందు అర్థమైంది. మనవడి వేపు ఒకసారి చూసి తన కంచం చప్పుడవకుండా నేల మీద పెట్టీసింది. అందరం మోకాళ్ళ మీద కూర్చుని, చేతుల్తో ఆకు తడుముకుంటూ పోయేం. అంతమంది మనుషులం ఉన్నా పొలంలో ఆకు గలగల తప్ప మరో చప్పుడు లేదు. ఏ ఆకు కింద చెయ్యి పెట్టినా వేడిగానే తగిలింది, ఎండకి కాగిపోయి. వేడి తగిలిన ప్రతిసారీ అది నా గుంట ఒళ్ళే అనుకున్నాను.

మేస్త్రి నిప్పు పెట్టబోయిన మూలకి దగ్గర్లోనే ముసలమ్మ చేతికి కాలు తగిలింది. నేను ఆకు తొలగించేను. అది ఏడవలేదు, భయపడలేదు. నిద్దరకళ్ళతో నా వేపు చూసింది.

"అమ్మా, ఆయమ్మ తలుపు తీసిందా?" అంది.

ఆ రోజుతో కోతలు మానీసేను. సోమవారం అర్జీలు తీసుకునే చోటికి వెళ్ళేను. అక్కడ కుర్రాఫీసరు మంచోడే, కుర్చీ వేయించేడు. నాకు రావలసినవన్నీ వస్తన్నాయని కంప్యూటర్లో చూసి చెప్పేడు. గుడ్డు వస్తంది, పాలు వస్తన్నాయి, ఏదీ ఆగలేదన్నాడు. నిజమే, ఏదీ ఆగలేదు.

"గుడ్డు ఇంటికొస్తంది బాబూ," అన్నాను. "గుంటని సూసీ మనిషేది?"

ఆయన కంప్యూటర్లోంచి తల తిప్పేడు. అర్జీ తీసుకున్నాడు.

గుంటకి బడికెళ్ళే వయసొచ్చేదాకా నేను ఇంట్లో కూర్చుని చింతపండు గింజలు తీసేను. ఏజెన్సీ చింతపండు తెచ్చే వ్యాపారి బస్తాలు ఇంటికే దింపీవోడు. కోత కూలిలో సగం కూడా గిట్టేది కాదు. కోతకెళ్ళి, పక్కింటావిడ అడిగిన సగం ఇచ్చుకున్నా ఇంతకంటే ఎక్కువే మిగిలేదని ఎవరో లెక్క చెప్పేరు. లెక్క నాకు తెలీక కాదు. దాన్ని నా కళ్ళ ముందునుంచి కదలనివ్వడానికి ప్రాణం ఒప్పలేదు.

ఇప్పుడు మా గుంట పెద్ద క్లాసుకొచ్చింది. చెరుకుతోట సంగతి దానికి జ్ఞాపకం లేదు, నేనూ చెప్పలేదు. మొన్న అంట్లు తోముతుంటే నా చేతిలోంచి కంచం జారి గచ్చు మీద పడి మోగింది. అది గుమ్మంలో నిలబడి జడల్లుకుంటంది. పడుకోలేదు. నా వేపు తిరిగి చూసింది, అంతే. కాని ఒక చెయ్యి జడ వదిలీసింది. అరచెయ్యి మెల్లగా చెంప మీదకి వెళ్ళింది.

అలా ఎందుకు పెట్టేవే అని అడిగేను.

"ఏటి పెట్టేను?" అంది. చెయ్యి ఇంకా అక్కడే ఉంది.