చూడి ఆవు మీద కర్ర

మా ఆయన ఆ రోజు నవ్విన నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డెబ్బైల నాటి మాట. నాకు ఏడో నెల. పాడేరు బస్టాండులో గొడుగు మరిచిపోయానని ఘాట్ రోడ్డు పొడవునా తిడుతూనే ఉన్నారు. ఆయన అరుపులకి బెదిరి బెదిరి, ఆ నెలల్లో పొయ్యి మీద పెట్టిన పాలు కూడా మరిచిపోయేదాన్ని.

"కడుపొచ్చాక దీని బుర్ర పనిచెయ్యడం లేదు," అని కండక్టరుతో చెప్పి నవ్వారు.

అల్లం బుట్టతో నా పక్కన కూర్చున్న కొండామె గయ్యిమంది. "ఏటి బావూ నవ్వుతావు? మేం ఆవుల్ని కూడా నాగలికి కడతాం. సూడిదైతే మాత్రం దాని మీద కర్రెత్తం. ఎత్తితే ఆ బెదురుకి ఇంటి దారే మర్సిపోద్ది. మరి ఆడమనిసి మర్సిపోదా?"

తర్వాతి మలుపులో ఆమె దిగిపోయింది. ఇంటికెళ్లగానే ఆయన మళ్లీ గొంతు పెంచారు.

"ముందు కర్ర దించండి," అన్నాను.