మెగ్నీషియం మంటకు అడ్డంగా

మొన్న పొద్దున్నే మా పాత ల్యాబ్ టెక్నీషియన్ వాళ్ళ ఊరు పద్మనాభం నుంచి ఫోన్ చేశాడు. "మేడమ్ ఎల్లిపోనారమ్మా. గుండె ఆగిపోనాదంట" అన్నాడు. నా పీహెచ్‌డీ గైడ్ మేడమ్ గురించి.

రెండు వేల దశకం మధ్యలో విశాఖలో ఆవిడ దగ్గర పరిశోధన చేశాను. రెండు వేర్వేరు మెగ్నీషియం మిశ్రమలోహాల పలకల్ని కరిగించకుండా అతకడం మా పని. గిర్రున తిరిగే ఉక్కు మేకు ఒకటి సందులో దిగి, రాపిడి వేడికి మెత్తబడ్డ లోహాన్ని సంకటి కలిపినట్టు కలిపేస్తుంది.

మేడమ్ భయస్తురాలు. గాజువాకలో ఇంటికి వెళ్ళడానికి ఎంత ఆలస్యమైనా సిటీ బస్సే, షేర్ ఆటో ఎక్కేవారు కాదు. ల్యాబ్‌లో మంటలార్పడానికి బకెట్టెడు ఇసుక ఉండేది. సముద్రపు గాలికి చెమ్మగిల్లుతుందని దాన్ని తరచూ పెనం మీద వేయించేవారు. "వేరుశనక్కాయలు కూడా వెయ్యండి మేడమ్" అని నవ్వేవాళ్ళం.

"నవ్వండి. భయపడే పని నాకొదిలెయ్యండి" అనేవారు.

ఒక మధ్యాహ్నం మిషన్ తిరుగుతుండగా పలక అంచున చేరిన సన్నటి లోహపు పొట్టు అంటుకుంది. కళ్ళు మూసుకున్నా కనిపించేంత తెల్లటి మంట.

"అంటుకున్నాది మేడమ్! నీల్లు తెత్తన్నాను!" అంటూ టెక్నీషియన్ బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు.

నీళ్ళు పడితే ఆ మంట పేలుతుంది. మేడమ్ అతనికీ మంటకీ మధ్య చేతులు చాచి నిలబడ్డారు.

"నీళ్ళొద్దు బాబూ, పేలిపోతుంది! అమ్మాయ్, స్విచ్ కట్టెయ్!"

బకెట్టు తొణికి ఆవిడ కుచ్చిళ్ళు తడిశాయి. విసిరితే పొట్టు చెదురుతుందని, పొడవాటి పారతో ఇసుకను అంచుల నుంచి మెల్లగా కప్పుకుంటూ వచ్చారు. దాని కింద ఎరుపు ఎంతకీ చల్లారలేదు.

చివరికి అది చల్లారాక టెక్నీషియన్ నేల మీద కూలబడ్డాడు. "నాను పోసీసుంటే ఏటయిపోదుమో మేడమ్!"

"పొయ్యలేదుగా. లేచి మొహం కడుక్కో."

ఇక ఈ పని నా వల్ల కాదని మర్నాడు ఆవిడతో చెప్పాను.

"నా వల్లా కాదనే అనిపిస్తోందమ్మా. పక్కపక్కన నిలబడి చూద్దాం" అన్నారు.

ఆ వారమే మళ్ళీ మిషన్ పెట్టాం. మేకు పలకలోకి దిగుతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ గాజులు నా చేతికి గుచ్చుకునేంత గట్టిగా. మేకు ఈ చివర నుంచి ఆ చివరికి నిదానంగా నడిచింది, వెనకాల చేప పొలుసుల్లాంటి మెరిసే గీత వదులుతూ. ఆవిడ రెప్ప వెయ్యలేదు.