చెయ్యి నాది, పేరు అన్నయ్యది

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో, అరవైల చివర, మా అన్నయ్యకు ఇంట్లోంచే దేశదేశాల వాళ్లతో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు వచ్చింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సెట్టు ఇద్దరం కలిసే కట్టాం. వాల్వుల్లేవు, అన్నీ ట్రాన్సిస్టర్లే. పంపడానికీ వినడానికీ ఒకటే పెట్టె. ట్రాక్టరు బ్యాటరీ మీద నడిచేది. మద్రాసు వెళ్లి సామాను తెచ్చింది వాడు, కూర్చుని సోల్డరింగ్ చేసింది నేను. మోర్సు పరీక్ష ఎలాగో గట్టెక్కాడు గానీ, గబగబా వచ్చే చుక్కలూ గీతలూ వాడికి అందేవి కావు. అందుకని మీట నొక్కేది నేను. మాట్లాడినట్టు గుర్తుగా సింహళం నుంచీ జపాను నుంచీ పోస్టులో కార్డులు మాత్రం వాడి పేరుకే వచ్చేవి. వాటిని పత్తి కొనడానికొచ్చిన వ్యాపారులకు చూపించి, "మావాడు జపానోళ్లతో మాట్లాడతాడండీ" అనేవాడు నాన్న. వాళ్లకి కాఫీ గ్లాసులు అందిస్తూ నేను వినేదాన్ని.

ఒకరోజు మిరప కల్లంలో అడిగేశాను. "నాన్నా, నేనూ ఆ పరీక్ష రాస్తా."

"ఆడపిల్లకి రేడియోలో మాటలేంటే? నోరు మూసుకుని కాయలు తిరగెయ్."

అన్నయ్య పక్కనే ఉన్నాడు. తల వంచుకుని చెప్పుల దుమ్ము దులుపుకున్నాడు.

ఆ సాయంత్రం నేను సెట్టు దగ్గరికి పోలేదు. వాడే కూర్చున్నాడు. కాసేపటికి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "ఒకసారి రావే. సింహళం ఆయన నమ్మట్లేదు. రోజూ వచ్చే చెయ్యి ఇది కాదంటున్నాడు."

మోర్సు కొట్టడంలోనూ ఎవరి తీరు వాళ్లదే, చేతిరాతలాగా.

"నువ్వేం చెప్పావ్?"

"చెయ్యి నొప్పని చెప్పా."

"నొప్పి ఎవరి చేతికిరా?" అని వాణ్ణి తోసుకుంటూ వెళ్లి మీట ముందు కూర్చున్నాను. ఇన్నాళ్లూ మాట్లాడింది నేనేననీ, లైసెన్సున్న మనిషికి చెల్లెలిననీ, నాకు లైసెన్సు లేదనీ కొట్టాను.

కాసేపటికి జవాబొచ్చింది: "అయితే తెచ్చుకోండి. అప్పటిదాకా మీట ముట్టుకోకండి."

ఆయన మీదా మండింది. కానీ ఆయన అన్నది న్యాయం.

మర్నాటి నుంచి కల్లంలో అడుగు పెట్టలేదు. కాయ ఏరే కూలీలు దొరకని రోజులవి. నాన్న తిట్టాడు, అమ్మతో చెప్పించాడు. ఎనిమిదో రోజున దరఖాస్తు మీద సంతకం గీకి నా ముందు విసిరాడు. అన్నయ్యను తోడు తీసుకుని మద్రాసు వెళ్లి పరీక్ష రాశాను, ప్యాసయ్యాను.

లైసెన్సు వచ్చిన రోజు నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అన్నయ్య భుజం తట్టి, "చెల్లెలికి బానే నేర్పావురా" అన్నాడు.

వాడు నవ్వాడు, కాదనలేదు.

ఆ మాట అన్నందుకు నాన్ననీ, ఆ నవ్వు నవ్వినందుకు వాణ్ణీ నేను క్షమించలేదు.