దబ్బనంతో కుట్టిన పుస్తకాలు

మా ఊళ్లో మిరపచేనుకి తెగులొస్తే ఒక్క మందుతో ఆగరు. ఎవరు ఏది చెబితే అదల్లా తెచ్చి ఒకే ట్యాంకులో కలిపి కొట్టేస్తారు. లా ఎంట్రన్సుకి నేనూ అచ్చం అలాగే చదివాను. ఎవరు ఏ పుస్తకం బాగుందన్నా సరే, దర్శిలో బస్సెక్కి గుంటూరెళ్లి కొనుక్కొచ్చేదాన్ని. పొద్దున రాజ్యాంగం, మధ్యాహ్నం జీకే, సాయంత్రం ఇంకేదో గైడు. సీటు రాలేదు. ఎలా వస్తుంది, నా మొహం!

"ఈసారీ రాకపోతే బీఈడీలో చేరిపోమ్మా. ఇక మారుమాట లేదు" అన్నారు నాన్న. నాకేమో కోర్టులో నిలబడి వాదించాలని. ఆ మాట వదిన దగ్గర చెప్పుకుని ఏడ్చాను.

వదిన డిగ్రీ చదివి మా అన్నయ్యని చేసుకుని వచ్చింది. మర్నాడు పొద్దున్నే మిరపకాయల గోతం ఒకటి దులిపి, నా పుస్తకాలన్నీ అందులో కుక్కడం మొదలెట్టింది.

"వదినా! నీకేమన్నా పిచ్చా?" అని అరిచాను.

"అరుచుకో. ముందు ఈ పాత ప్రశ్నపత్రాలు రాయి. ఎక్కడ తప్పులు పోతున్నాయో చూసి, దానికి ఒక్క పుస్తకం ఇస్తా. అది అయ్యాకే ఇంకోటి" అంటూ దబ్బనంతో గోతం మూతి కుట్టేసింది.

నాకు జీకే బాగానే వచ్చు, చట్టాల దగ్గరే బోర్లా పడుతున్నానని మొదటి పత్రంతోనే తేలిపోయింది. అందుకని చట్టాల పుస్తకం ముందు, రాజ్యాంగం తర్వాత. ఒకటి పూర్తయితే వదిన కుట్టు విప్పి, అది లోపల పడేసి, ఇంకోటి తీసి మళ్లీ కుట్టేది. కల్లంలో ఎండు మిరపలోంచి తాలుకాయలు ఏరుతూ ప్రశ్నలడిగేది. ఇద్దరం తుమ్ముకుంటూనే చదివాం. ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఒక్కసారీ మాట తూలలేదు మహాతల్లి.

సీటొచ్చింది. ఇవాళ నేను లా కాలేజీలో ఉన్నానంటే అంతా ఆవిడ చలవే.

మొన్న సెలవులకి వెళ్తే, వదిన అటక మీంచి గోతం దించి, కుట్టు విప్పి కూర్చుంది.

"ఈసారి ఎంట్రన్సు నేను రాస్తానే. మీ అన్నయ్యకి కూడా చెప్పేశా" అంది, సిగ్గుపడుతూ.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఇన్నాళ్లూ నన్ను ప్రశ్నలడిగిన మనిషి తనకేం కావాలో ఒక్కనాడూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

అంతలో చూద్దును కదా, ఒళ్లో మూడు పుస్తకాలు ఒకేసారి తెరిచి పెట్టుకుంది! మూడూ లాక్కుని గోతంలో పడేశాను. పాత ప్రశ్నపత్రాలు చేతికిచ్చి, దబ్బనం ఎక్కడుందని అడిగాను.