తడి మడిలో మెట్టతామరలు

మొన్న మా పక్కింటావిడ, ఏసీ పైపు నుంచి కారే నీళ్లతో నా బాల్కనీ తొట్టిలో పూసిన మెట్టతామరలను చూసి, ఇంత తడిలో వేళ్లు కుళ్లిపోవా అని అడిగింది. ఎందుకు కుళ్లవమ్మా, ఒకప్పుడు నేనే కుళ్లబెట్టాను. ఆ సంగతి చెప్పాలంటే ఎనభైల్లోకి, ఇదే అమీర్‌పేటలో, ఇదే జాగాలో ఉండిన మా అత్తవారి పెంకుటింటి పెరట్లోకి వెళ్లాలి.

బట్టలుతికిన నీళ్లూ గిన్నెలు కడిగిన నీళ్లూ చేరి ఆ పెరటి మూల ఏడాది పొడుగునా బురదే. దోమలతో విసిగిన మామయ్య అక్కడ గచ్చు చేయిద్దామని సిమెంటు బస్తా తెచ్చి వసారాలో పెట్టించారు. కొత్త కోడలినైనా నా నోరు ఊరుకుంటుందా, అక్కడ పూలు పెంచుతాను, ఒక్క ఏడాది గడువివ్వండి అనేశాను. వచ్చే బోనాలకు పూలు కనబడకపోతే గచ్చేనన్నారాయన.

నేనేమో అతితెలివికి పోయి, గుంత తవ్వి, తడి ఇంకిపోకుండా అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి, మట్టి నింపి, పంజాగుట్ట నుంచి తెచ్చుకున్న మెట్టతామర దుంపలు నాటాను. రెండు వానలకే గుంత నిండి, దుంపలు కుళ్లి, వీధి దాకా కంపు కొట్టింది. మామయ్య సిమెంటు బస్తా వైపు ఒకసారి చూశారంతే. నాకు ఏడుపొచ్చింది.

అంతవరకూ నాతో ముక్తసరిగా మాట్లాడే అత్తమ్మ, ఆ రోజు కుచ్చిళ్లు ఎగదోపుకుని బురదలోకి దిగింది. చిన్నప్పుడు పొలంలో నాట్లు వేసిన మనిషి. మట్టంతా నాచేత తోడించి, కొడవలి మొనతో పట్టాకు అక్కడక్కడా చిల్లులు పొడిచి, "మడిల తడి ఉండాలె గని నీళ్లు మురుగొద్దు బిడ్డా. గింత సదివినవ్, గది ఎర్క లేదా?" అంది.

కుళ్లకుండా మిగిలిన రెండు దుంపలే పిలకలు వేశాయి. మరుసటి ఆషాఢానికి ఆ మూలంతా ఎర్రటి పూలు. బల్కంపేట ఎల్లమ్మకు ఎత్తిన బోనానికి అత్తమ్మ వేపరెమ్మల పక్కన నా పూలు కట్టింది. దారిలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మా కోడలు పెంచిందని గుడి దాకా చెబుతూనే నడిచింది. వెనక నడుస్తున్న నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. వసారాలోని సిమెంటేమో వానల చెమ్మకు బస్తాలోనే రాయైపోయింది. సాయంత్రాలు మామయ్య దాని మీదే కూర్చుని, ఆ పూలు చూస్తూ చాయ్ తాగేవారు.

ఇప్పుడు ఈ అపార్ట్‌మెంటు కింద జానెడు మట్టి లేదు, అంతా పార్కింగే. మామయ్య వేయించని గచ్చు చివరికి పడనే పడింది. పక్కింటావిడకు మాత్రం తొట్టి వంచి అడుగున చిల్లులు చూపించాను. పొడిచింది నేనే, నేర్పింది మా అత్తమ్మ అని కూడా చెప్పాను.